తొమ్మిది అయిపోయిన పిల్లోణ్ణి మే నెలలో మళ్ళీ హాస్టల్‌కు పంపాలా?

పాకాల నాన్న:
అందరికీ నమస్కారం. మా వాడు తిరుపతి దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో ఆరో తరగతి నుంచీ ఉంటున్నాడు, మొన్నటితో తొమ్మిది అయిపోయింది. స్కూలు పేరు అడక్కండి, చెప్పినా లాభం లేదు, చుట్టుపక్కల అన్నీ ఒకటే. ఏప్రిల్ 23 సాయంత్రం వాణ్ణి తీసుకురావడానికి పోతే గేటు దగ్గరే చేతిలో ఒక కాగితం పెట్టారు. పదిలోకి వచ్చేవాళ్ళు మే 5 పొద్దున ఎనిమిదికల్లా హాస్టల్లో ఉండాలంట, బ్రిడ్జి కోర్సంట, మెస్సుకు ఆరు వేలు అదనమంట, రానివాళ్ళను ఏ సెక్షన్లో వేయాలో మేనేజ్‌మెంట్ నిర్ణయిస్తుందంట. ఈ చివరిది బెదిరింపా, సమాచారమా అని నాలుగు సార్లు చదువుకున్నాను.

స్కూళ్ళకు సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, లెక్కేస్తే 49 రోజులు. మా వాడికి దక్కేది 11. మిగతా 38 రోజులు హాస్టల్లోనే.

ఆ రోజు చూసింది ఒకటి మనసులోంచి పోవడం లేదు. ఆరు, ఏడు, ఎనిమిది పిల్లలు రెండో అంతస్తు నుంచి ట్రంకు పెట్టెలు మెట్ల మీద దడదడ లాక్కొస్తున్నారు, పరుపు చుట్టలు, బకెట్లు, బకెట్లలో చెప్పులు, ఒకడైతే క్యారమ్ బోర్డు నెత్తిన పెట్టుకుని ఆటో ఎక్కేశాడు. తొమ్మిదివాళ్ళకు మాత్రం పెట్టెలు ఇక్కడే ఉండనీయండి, రెండు జతల బట్టలు చాలు అని చెప్పారంట. వాళ్ళు మెట్ల పక్కన వరసగా నిలబడి చిన్న పిల్లల హడావుడి చూస్తున్నారు. మా వాడు భుజాన ఒక్క బ్యాగుతో వచ్చాడు. పెట్టె ఏదిరా అంటే మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి చూపించాడు. నాకెందుకో రోషం వచ్చి నేనే పైకి పోయి పెట్టె దించి, ఆటోలో బస్టాండుకు తెచ్చి, పాకాల బస్సులో వేశాను. కండక్టర్ దానికి లగేజీ టికెట్ కొట్టాడు. మళ్ళీ పది రోజుల్లో మోసుకుపోయేదానికి ఇదెందుకు తెచ్చావు అని ఇంట్లో మా ఆవిడ.

మీరైతే పంపుతారా?

గాంధీ రోడ్డు అక్క:
అన్నా, నేనైతే పంపుతాను. 2024 మేలో పెద్దోణ్ణి పంపాను కూడా. చదివి తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. మా ఆయన, నేను ఇద్దరం బట్టల కొట్లో పని, పొద్దున తొమ్మిదిన్నరకు పోతే రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు. ఎండాకాలం కొండకు వచ్చే జనం ఎక్కువ, కొట్టు కిటకిటలాడుతుంది, అప్పుడు లీవు అడిగితే ఓనరు మొహం చూడాలి. వాడు ఎనిమిది అయ్యాక సెలవులన్నీ ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో అంటే ఫోన్లో. చార్జర్ బియ్యం డబ్బాలో దాచి పోయేదాన్ని, పక్కింట్లో అడిగి తెచ్చుకునేవాడు. ఒకరోజు మధ్యాహ్నం స్నేహితులతో ఊరి బయట బావిలో ఈతకు పోయాడని ఫోన్ వస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాడికి ఈతే రాదు. గట్టు మీద కూర్చున్నానమ్మా అంటాడు, ఏది నమ్మేది?

తొమ్మిది అయ్యాక మే అంతా హాస్టల్లో ఉన్నాడు. 2025లో పదిలో 521 వచ్చాయి. అవి మే క్లాసుల వల్లే వచ్చాయని నేను చెప్పను. ఆ నెల నేను నిద్రపోయాను, అది మాత్రం చెప్పగలను.

హాస్టల్ పిల్లి:
అక్కా, మీ కష్టం అర్థమవుతుంది. కానీ 2016 మేలో అట్లా హాస్టల్లో మిగిలిపోయిన డెబ్భై మందిలో నేనొకణ్ణి కాబట్టి అవతలి పక్క కూడా చెప్తాను.

మే నెల హాస్టల్ మామూలు హాస్టల్ కాదు. నలభై మంచాల గదిలో పన్నెండు మంది. మిగతా మంచాలకు పరుపులు ఉండవు, ఒట్టి ఇనుప పట్టీలు. వంట మాస్టర్ లీవులో ఊరికి పోతాడు, అటెండర్ వండుతాడు, నాకు తెలిసి ఇరవై రోజులు వరసగా టమాటా పప్పే. బోరు ఎండిపోయి తెల్లవారుజామున ఐదింటికి ట్యాంకర్ వచ్చేది, హారన్ కొట్టగానే బకెట్లు పట్టుకుని పరుగు. ఆలస్యమైతే ఆ రోజు స్నానం లేదు. రాత్రి టవల్ తడిపి కప్పుకుని మేడ మీద పడుకునేవాళ్ళం.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు, ఇప్పుడు తలచుకుంటే నవ్వే వస్తుంది. ఓర్చుకోలేనిది వేరే ఉంది. మాది తిరుపతే, మేలో గంగమ్మ జాతర, ఆ వారమంతా జనం రోజుకో వేషం కడతారు. మా మామ ఏటా బైరాగి వేషం కట్టేవాడు, ఒళ్ళంతా నామం కొమ్ము పూసుకుని. తోటి వేషం రోజు నేను మొహానికి బొగ్గు పూసుకుని వేపమండ పట్టుకుని తాతయ్యగుంటలో గంగమ్మ గుడి దాకా ఆయన వెనకాలే, దారిలో కనిపించినవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ. ఏడాదిలో ఆ వారం బూతులు తిట్టినా ఎవరూ కొట్టరు, పిల్లోడికి ఇంకేం కావాలి. ఆ ఏడు మాత్రం హాస్టల్ మేడ మీద నిలబడి దూరంగా డప్పులు విని, కిందికొచ్చి స్టడీ అవర్లో కూర్చున్నాను. వాస్తవ సంఖ్యలు పాఠం అంటే నాకు ఇప్పటికీ డప్పులే గుర్తొస్తాయి.

ఇంత చేసి సిలబస్ ఆగస్టు 15 లోపే అయిపోయింది. తర్వాత? అదే సిలబస్ రెండోసారి, మూడోసారి, రోజూ స్లిప్ టెస్టులు. జనవరికల్లా పుస్తకం తెరిస్తే వాంతి వచ్చేటట్టు ఉండేది. మాకప్పుడు జీపీఏ, నాకు 9.3. సెలవులన్నీ మామిడి తోటలో పడి తిరిగిన మా చిన్నాన్న కొడుక్కి 9.5. ఈ మాట మా ఇంట్లో ఇప్పటికీ వస్తుంది.

లెక్కల సారు:
నేను ఒక ప్రైవేట్ రెసిడెన్షియల్లో పదికి లెక్కలు చెప్తాను, కాబట్టి గోడకు ఈ పక్క నుంచి. ఉద్యోగం పోతుంది కాబట్టి ఇంతకంటే వివరాలు వద్దు.

మే క్లాసులు పెట్టేది చదువు కోసమేనా అంటే, సగం. రెండో సగం ఏమిటంటే, ఏడు వారాలు ఇంటికి పంపితే కొంతమంది తిరిగి రారు. చుట్టాలు చెబుతారు, పక్క స్కూలువాళ్ళు ఇంటికి వచ్చి ఫీజు తగ్గిస్తామంటారు, జూన్‌లో టీసీ అడుగుతారు. పిల్లోడు, పెట్టె మన దగ్గరే ఉంటే టీసీ భయం లేదు. పెట్టెలు ఇక్కడే ఉంచండి అన్నారని చదివి నాకు నవ్వొచ్చింది, మా దగ్గరా అదే మాట. మాకు మాత్రం ఏం సుఖం? పొద్దున క్లాసు, సాయంత్రం అడ్మిషన్ల కోసం ఎండలో ఇల్లిల్లూ క్యాన్వాసింగ్. నా సొంత పిల్లలు వాళ్ళ అవ్వ ఊర్లో ఉంటే నేను ఎవరి పిల్లలకో ఒలింపియాడ్ ఆశలు చెప్తూ తిరుగుతుంటాను.

పైగా 2025లో పది రిజల్ట్స్ వచ్చింది కూడా ఏప్రిల్ 23నే, పిల్లల్ని తీసుకుపోవడానికి తల్లిదండ్రులు వచ్చే రోజే. రాష్ట్రంలో ఒకమ్మాయికి 600కి 600 వచ్చాయి. సాయంత్రానికి మా గేటుకు ఫ్లెక్సీ. పెట్టె దించుకోవడానికి వచ్చిన ప్రతి తండ్రీ ఆ ఫ్లెక్సీ కింద నుంచే పోవాలి, మా వాడి ఫోటో కూడా పడాలి సార్ అని నాతోనే అన్నవాళ్ళున్నారు. ఆ ఊపులో కాగితం ఇస్తే ఎవరు కాదంటారు?

అయినా పూర్తిగా తప్పు అననా? అనలేను. పోయిన బ్యాచ్‌లో నా క్లాసు నలభై మందిలో పన్నెండు మందికి మైనస్ ఇంటూ మైనస్ దగ్గరే తడబాటు. వాళ్ళకు కారణాంకాలు రాకుండా జూన్‌లో నేరుగా వర్గ సమీకరణాలు ఎట్లా చెప్పేది? వాళ్ళకు మేలో మూడు వారాలు, రోజుకు రెండు గంటలు పాతవే మళ్ళీ చెబితే ఏడాదంతా తేడా కనిపిస్తుంది. కానీ జరిగేది అది కాదు. అందరినీ కూర్చోబెట్టి మొదటి చాప్టర్ నుంచి పది సిలబస్సే పరిగెత్తిస్తారు. రానివాడికి అప్పుడూ రాదు, వచ్చినవాడికి ఆగస్టులో విసుగు. పిల్లి గారు చెప్పింది ఇదే.

పాకాల అన్నా, స్కూలుకు ఫోన్ చేసి రెండు అడగండి. మేలో చెప్పేది పది పాఠాలా, ఎనిమిది తొమ్మిదిలో మిగిలిపోయినవా? చెప్పేది మామూలు టీచర్లా, కొత్తగా చేరినవాళ్ళా? జవాబు తడుముకుంటే మీకే అర్థమవుతుంది.

బంగారుపాళెం రైతు:
సారూ, అంతా బాగా చెప్పారు, ఆరు వేల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఫీజు కట్టేది మామిడి మీద. 2025లో తోతాపురికి గుజ్జు కంపెనీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, కిలోకు 12 అన్నారు, ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లో రాత్రంతా పడుకుంటే గానీ లోడు దిగలేదు. ఆరు వేలంటే ఎనిమిది రూపాయల లెక్కన 750 కిలోల కాయ. టమాటా పప్పుకు!

మా పాపను పంపలేదు. తోట పనికి కాదు, ముందే చెప్తున్నా, కోత పని దానికి చేతకాదు. వాళ్ళ జేజి దగ్గర ఉండి సంగటి గెలకడం నేర్చుకుంది, అది చాలు.

గాంధీ రోడ్డు అక్క:
రైతన్నా, మీకు జేజి ఉంది. మాకు ఇంట్లో తాళం ఉంది. అదే తేడా.

పీలేరు టీచరమ్మ:
నేను గురుకులంలో పనిచేస్తాను. మా దగ్గర ఈ గొడవ లేదు, 23న మెస్సు లెక్క మూసేస్తారు, మరుసటి రోజు టిఫిన్‌కు సరుకే ఉండదు, కాబట్టి అందరూ ఇంటికే. ఏటా ఏప్రిల్ చివర్లో విద్యాశాఖ కూడా సెలవుల్లో ఎవరూ క్లాసులు పెట్టకూడదని, పెడితే చర్యలని చెబుతుంది. అందుకే బయట బోర్డు మీద బ్రిడ్జి కోర్సు, సమ్మర్ క్యాంప్ అని రకరకాల పేర్లు. మండల విద్యాధికారికి, అదే ఎంఈఓకు, ఒక అర్జీ పెడితే సరిపోతుంది కదా?

లెక్కల సారు:
అమ్మా, పెట్టొచ్చు. అర్జీ పెట్టింది ఎవరి తండ్రో సాయంత్రానికి వార్డెన్‌కు తెలుస్తుంది. ఆ పిల్లోడు ఇంకో పది నెలలు అదే వార్డెన్ దగ్గర ఉండాలి. ఇంటర్ వాళ్ళను చూడండి, 2025లో ఏప్రిల్ 1నే క్లాసులు మొదలుపెట్టినా 23తో ఆపి సెలవులిచ్చారు. బోర్డు ఒక తేదీ చెప్పింది, అందరికీ ఒకటే. మాకూ తేదీ ఉంది, దాన్ని పట్టించుకునే నాథుడే లేడు.

కొండ కింద కుర్రోడు:
మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన రిషి వ్యాలీ కూడా బోర్డింగే కదా, అక్కడ ఈ ర్యాంకుల గోల లేదు, ఫ్లెక్సీలు లేవు. పిల్లలు పాడైపోయారా?

బంగారుపాళెం రైతు:
అక్కడి ఫీజుకు ఎన్ని టన్నుల కాయ కావాలో కూడా లెక్కేసి చెప్పు తమ్ముడూ.

హాస్టల్ పిల్లి:
ఇంతమంది ఇంత మాట్లాడుకున్నాం. పాకాల అన్నా, మీ వాణ్ణి అడిగారా?

పాకాల నాన్న:
నిజం చెప్పాలంటే ఇది చదివాకే అడిగాను. అప్పటిదాకా నేను, మా ఆవిడే కొట్లాడుకుంటున్నాం.

ముందు సారు చెప్పినట్టు స్కూలుకు ఫోన్ చేశాను. పది పాఠాలే సార్, టైంటేబుల్ ఇంకా ఫైనల్ కాలేదు అన్నారు. ఎవరు చెప్తారంటే మా ఫ్యాకల్టీ అన్నారు. ఏ ఫ్యాకల్టీ అంటే లైన్ కట్ అయింది, నిజంగానే కట్ అయిందో చేశారో తెలియదు. సరే, పంపేది లేదు అని నిర్ణయించుకుని రాత్రి అన్నం తినేటప్పుడు వాడికి చెప్పాను. వాడు తల ఎత్తకుండా, మే 5 వద్దు నాన్నా, 4వ తేదీ సాయంత్రమే పోదాం అన్నాడు. ఎందుకురా అంటే, కిటికీ పక్కన ఫ్యాన్ కింద మంచం ముందు వచ్చినవాళ్ళకే ఇస్తారంట, పోయినేడు అది దొరక్క ఏడాదంతా బాత్రూమ్ పక్కన పడుకున్నాడంట. వాళ్ళ గ్యాంగ్ ఆరుగురూ వస్తున్నారంట. ఇక్కడ నేనొక్కణ్ణే ఏం చేయాలి, ఈ వీధిలో నాకు ఎవరు తెలుసు అన్నాడు. ఆరో తరగతి నుంచీ హాస్టల్లోనే ఉన్నవాడికి ఊర్లో స్నేహితులు ఎక్కడుంటారు? నాకు నోట మాట రాలేదు. మా ఆవిడ లేచి వంటింట్లోకి పోయింది.

కాసేపటికి వాడే మళ్ళీ, జాతర రోజు మాత్రం ఔటింగ్ రాయించు నాన్నా, ఎప్పుడూ చూడలేదు అన్నాడు. వార్డెన్‌ను అడిగితే చూద్దాం అన్నాడు. ఆరు వేలలో రెండు వేలే కట్టాను, మిగతాది ఔటింగ్ ఇచ్చాక అని చెప్పాను. పనిచేస్తుందో లేదో. కానీ పాకాల నుంచి నేను వచ్చి, వాణ్ణి తీసుకుని, ఆ జనంలో చూపించి, చీకటి పడేలోపల మళ్ళీ గేటు దగ్గర దించాలంటే ఎట్లాగో అర్థం కావడం లేదు.

గాంధీ రోడ్డు అక్క:
రాత్రికి ఔటింగ్ రాయించు అన్నా, మా ఇంట్లో దిగండి. తాతయ్యగుంటకు నడిచిపోయే దూరం. మా చిన్నోడు ఈ ఏడు తోటి వేషం వేస్తానని ఇప్పటినుంచే గోల, బొగ్గు ఇద్దరికీ సరిపడా ఉంటుంది. పాత చొక్కా ఒకటి తెచ్చుకోమను, ఆ మరక పోదు.