కారు అద్దం వాషర్‌లో నీళ్లు నిలవడం లేదు: సెట్టు మొత్తం మార్చాలా, కారే చోటే పట్టుకోవాలా?

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
మా చిన్న కారుకు పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాం. ఇంజను భేషుగ్గా ఉంది. ఇబ్బందంతా అద్దం కడిగే నీళ్లతోనే. సాయంత్రం ట్యాంకు నింపితే తెల్లవారేసరికి ఖాళీ. మెకానిక్ బానెట్ ఎత్తి చూడకముందే ట్యాంకు, మోటారు, పైపులు సెట్టు మొత్తం మార్చాలన్నాడు. మా బావగారేమో ఎపాక్సీ అనే జిగురు ముద్ద పెట్టి వదిలేయమంటున్నారు. నేను రోజూ కృష్ణపట్నం రోడ్డులో బొగ్గు లారీల వెనుక వెళ్లేవాణ్ణి. అద్దం మీద నల్లటి పొర పడ్డాక ఎండకు ఎదురుగా నడపడం ప్రాణాంతకం. మీరైతే ఏం చేస్తారు?

కావలి హైవే:
మీ మెకానిక్ చెప్పిందే సబబు. మన ఎండల సంగతి కొత్తగా చెప్పాలా? మే నెలలో బయటే 45 డిగ్రీల దాకా పోతుంది, బానెట్ కింద ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. ట్యాంకు ప్లాస్టిక్కు, రబ్బరు బుష్, పైపు అన్నీ ఒకే వయసువి, అన్నీ ఒకే వేడికి మగ్గాయి. ఇవాళ ఒకటి మారిస్తే రేపు పక్కది వదులుతుంది. విప్పిన ప్రతిసారీ చక్రం లోపలి తొడుగు ఊడదీయాలి, కొన్ని బండ్లలో బంపర్ కూడా దించాలి. ఎండిపోయిన క్లిప్పులు నాలుగు విరుగుతాయి. ఆ కూలి ఒక్కసారే ఇచ్చి అన్నీ కొత్తవి వేయించుకోండి. ఎపాక్సీ మాట మాత్రం వినకండి.

ఒంగోలు షెడ్డు:
నేను చేసేది ఈ పనే. చూడకుండా సెట్టు మార్చమనడాన్ని ఒప్పుకోను. ట్యాంకు పగిలి నా దగ్గరికి వచ్చే బండ్లు తక్కువ. ఎక్కువగా కారేది మోటారు ట్యాంకులోకి దూరే చోట. అక్కడ గ్రోమెట్ అనే రబ్బరు బుష్ ఉంటుంది. అది ఎండి గట్టిపడితే చుట్టూ నీరు ఊరుతుంది. దాని చోటు అడుగునే కాబట్టి ట్యాంకంతా ఖాళీ అవుతుంది. నీళ్లు సగం దాకా పోయి ఆగిపోతే మాత్రం సరిగ్గా ఆ మట్టం దగ్గరే పగులు వెతకాలి. మీ ట్యాంకు పూర్తిగా ఎండుతోందంటే నా అనుమానం బుష్ మీదే.

అనుమానంతో సామాను కొనవద్దు. ట్యాంకు నీళ్లలో బట్టలకు వాడే నీలిమందు కొన్ని చుక్కలు కలపండి. బండి కింద పాత వార్తాపత్రికలు పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున నీలం మరక ఎక్కడ పడిందో చూసి, దానికి నేరుగా పైన ఏముందో చూడండి. రంగూ జారుడూ లేని తడి అయితే అది ఏసీ నీరు, దాని గురించి బెంగ అక్కర్లేదు. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో జారుడుగా ఉంటే రేడియేటర్ కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం. అప్పుడు వాషర్ సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని చూపించండి.

రాత్రంతా చుక్క పడకుండా, స్విచ్ నొక్కినప్పుడే కారితే లోపం మోటారు తర్వాత. బానెట్ కీలు దగ్గర పైపు ఎత్తినప్పుడల్లా మడత పడుతుంది, తరచూ చీలేది అక్కడే. అద్దం మీద నీళ్లు చిమ్మే నాజిళ్లకు పైపు రెండుగా విడిపోయే టీ జాయింటు కూడా చూడండి. వెనుక అద్దానికీ వాషర్ ఉంటే ఆ స్విచ్ కూడా విడిగా నొక్కి చూడాలి.

కందుకూరు నుంచి:
పాత బండికి ఇంత తతంగం అవసరమా? ఒక సీసా నీళ్లు, మెత్తటి గుడ్డ పెట్టుకుంటే సరిపోతుంది. నేను అలాగే నడుపుతున్నాను. ట్యాంకును ఎండిపోనివ్వండి.

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
సీసా ఆగి ఉన్న బండికి పనికొస్తుందండీ. రాత్రిపూట కోవూరు దాటాక వరిచేల మధ్య పురుగులు అద్దానికి కొట్టుకుని చితికిపోతాయి. ఎదురుగా లారీ లైటు పడితే అద్దమంతా తెల్లబారిపోతుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు ఆ క్షణానే ధార కావాలి. హైవే పక్కన ఎక్కడ పడితే అక్కడ ఆపడం అంతకన్నా ప్రమాదం.

ఒంగోలు షెడ్డు:
ఎండిపోయిన ట్యాంకుతో మరో నష్టం ఉంది. చాలా బండ్లలో లీవరు లాగగానే మోటారు, వైపర్లు కలిసే కదులుతాయి. నీళ్లు లేకుండా తిరిగితే మోటారు పాడవుతుంది. పొడి అద్దం మీద చీమకుర్తి గ్రానైటు దుమ్ము ఉండగా వైపర్ కదిలితే గాజు మీద గీతలు పడతాయి. ఆ గీతలు మళ్లీ పోవు.

కనిగిరి బోరు:
అందరూ ట్యాంకు దగ్గరే ఆగిపోయారు, నాజిల్‌ను ఎవరూ తలచుకోలేదు. మా వైపు బోరు నీళ్లు ఎంత కఠినమో బిందె అడుగు చూస్తేనే తెలుస్తుంది. అవే వాషర్‌లో పోస్తే నాజిల్ కంటి చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. నీళ్లు పోయే దారి మూసుకుంటే మోటారు తోసే ఒత్తిడి పైపు జాయింట్ల మీద పడి, వదులుగా ఉన్నది ఊడిపోతుంది. కొత్త పైపు వేసినా నాజిల్ శుభ్రం చేయకపోతే మళ్లీ అక్కడే ఊడుతుంది. నాజిల్ ఊడదీసి వెనిగర్‌లో నానబెట్టి, సన్నటి సూదితో జాగ్రత్తగా పొడవండి. కన్ను పెద్దది చేస్తే ధార చెదిరిపోతుంది. తర్వాత నుంచి ఆర్వో నీళ్లే పోయండి. బట్టల సబ్బు పొడి వేయవద్దు, అది అద్దం మీద మసక పొర వదులుతుంది.

కావలి హైవే:
నాజిల్ మాట ఒప్పుకుంటాను. కానీ చిల్లర రిపేర్లు చేసేవాళ్లు చివరికి ఏం వేస్తారు? అక్వేరియం గొట్టం. ఇంజను వేడికి అది మెత్తబడి జాయింటు మీది నుంచి జారిపోతుంది. ట్యాంకు పగిలితే జిగురు పూస్తారు. నాకు కోపం వచ్చేది ఈ అతుకుల పద్ధతి మీదే.

ఒంగోలు షెడ్డు:
ఆ కోపం న్యాయమైనదే. గొట్టం వేడికి తట్టుకునే రబ్బరుదే కావాలి, మూతికి బిగుతుగా పట్టాలి. జిగురు సంగతికొస్తే, ట్యాంకు మీద పీపీ (పాలీప్రొపిలీన్) అనో పీఈ (పాలీఇథిలీన్) అనో ప్లాస్టిక్ రకం అచ్చు ఉంటుంది, వెతికితే కనిపిస్తుంది. ఆ ప్లాస్టిక్కులకు మామూలు జిగురు గానీ ఎపాక్సీ గానీ గట్టిగా పట్టదు, బండి అదురుకు పెచ్చులా లేచిపోతుంది. అదే రకం ప్లాస్టిక్ ముక్కను వేడిచేసి కరిగించి అతికితే నిలుస్తుంది. ట్యాంకు తయారీలో వేసిన అతుకు మీదే పగులు ఉంటే, లేదా ట్యాంకు వేలితో నొక్కితేనే చిట్లుతుంటే, అప్పుడు ట్యాంకు మార్చమని నేనే చెబుతాను.

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
నీలిమందు వేసి చూశాను. పేపరు మీద మరక సరిగ్గా మోటారు కింద పడింది. వెనుక అద్దం స్విచ్ నొక్కితే ధార రాలేదు. ముందు ఎడమ సీటు దగ్గర కార్పెట్ ఎత్తి చూస్తే కింది స్పాంజి నీలంగా తడిసి ఉంది.

కావలి హైవే:
రెండు చోట్ల! వయసైపోయిందని నేను చెప్పింది ఇదే కదా.

ఒంగోలు షెడ్డు:
వయసు మాట నిజం. కానీ మెకానిక్ చెప్పిన సెట్టు ముందు భాగానిదే అయి ఉంటుంది. వెనుక అద్దానికి వెళ్లే పైపు బండి లోపలి నుంచి పోతుంది. సెట్టు మార్చి ఉంటే డబ్బు పోయేది, కార్పెట్ కింద తడి అలాగే ఉండేది. ఆ నీళ్లు వైర్ల కనెక్టర్లలోకి చేరితే కథ పెద్దదవుతుంది, నేల రేకు తుప్పు పడుతుంది. జాయింటు దొరికేదాకా వెనుక స్విచ్ ముట్టుకోకండి. స్పాంజి పూర్తిగా ఆరాకే కార్పెట్ మూయండి.

బుష్ కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకెళ్లి కొలత పోల్చుకోండి. తొడిగేటప్పుడు సబ్బు నీళ్లు రాయండి. గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. మోటారు బయటికి తీసినప్పుడే దాని మూతి దగ్గరి జల్లెడ కడగండి, ట్యాంకు అడుగున చేరిన బురదను కూడా తీసేయండి.