జపాన్ సీడీ, బోనస్ ట్రాక్: ఓబీ లేకుండా కొనొచ్చా?

నల్లడిస్క్: మ్యూజ్ బ్యాండ్ ఆల్బమ్ ‘ఆరిజిన్ ఆఫ్ సిమెట్రీ’ (2001) జపాన్ సీడీ కావాలి, అందులోని బోనస్ పాట ‘ఫ్యూచరిజం’ కోసం. ఓబీ (జపాన్ సీడీ పెట్టెకి చుట్టే కాగితం పట్టీ) లేని కాపీ సగం ధరకే దొరుకుతోంది. తీసుకోనా? నకిలీ అయితే ఎలా తెలుస్తుంది?

ఓబీభక్త: ఓబీ లేనిది వద్దే వద్దు. ధర, విడుదల తేదీ ఆ కాగితం పట్టీ మీదే ఉంటాయి. రేపు అమ్మబోతే మొదట అడిగేది అదే. వెతికేటప్పుడు ‘ఓబి త్సుకి’ అంటే పట్టీ ఉన్నట్టు, ‘ఓబి నాషి’ అంటే లేనట్టు. ఇంకోటి, జిగురు మూతకున్న కవర్లు వాడకండి. డిస్క్ తీసేటప్పుడు మూత ఓబీకి అంటుకుందంటే రంగు పొరతో సహా లేచొస్తుంది. జిగురు కవర్ ఒంటికి ఉన్నవే తీసుకోండి.

పాతక్యాసెట్: పాట కోసమే అయితే 2021 రీమిక్స్ ఎడిషన్‌లో ఉంది కదండీ. అసలు ఈ బోనస్‌లు ఎందుకొచ్చాయి? జపాన్‌లో లోకల్ సీడీకి కంపెనీ పెట్టిన ధరే షాపులో ధర, తగ్గించి అమ్మకూడదు. దిగుమతి సీడీకి ఆ కట్టుబాటు లేదు, చవక. జనం అటు పోకుండా ఒక పాట ఎక్కువ ఇచ్చారు.

స్వరపిచ్చి: ఆ పాటని ఆల్బమ్ చివరి పాట ‘మెగలోమేనియా’ తర్వాత అతికించడం ఘోరం. ఆ ఆర్గన్ ఆగాక నిశ్శబ్దం ఉండాలి!

హైఫైరాజు: ఇవన్నీ ఎందుకు, ఎస్‌హెచ్‌ఎం-సీడీ (ప్రత్యేక ప్లాస్టిక్‌తో చేసే సీడీ) కొనండి. సౌండే వేరు.

బిట్‌బైబిట్: తప్పు. అది మెరుగైన పాలికార్బొనేట్ ప్లాస్టిక్, అంతే. మాస్టర్ (సీడీలు అచ్చువేసే మూల రికార్డింగ్) ఒకటే అయితే డేటా ఒకటే. రెండు డిస్కులూ ఈఏసీ సాఫ్ట్‌వేర్‌లో సెక్యూర్ మోడ్‌లో రిప్ చేసి (కంప్యూటర్‌లోకి ఎక్కించి) చూడండి.

హైఫైరాజు: చేశా. సీఆర్‌సీలు (డేటా ఒకటేనా అని సరిచూసే సంఖ్యలు) కలవలేదు. ఇప్పుడేమంటారు?

బిట్‌బైబిట్: ప్రెసింగ్ (అచ్చు) మారితే పాట మొదలు కొన్ని శాంపిళ్లు (ధ్వని డేటాలో అతి చిన్న ముక్కలు) అటూ ఇటూ జరుగుతుంది, సీఆర్‌సీ మారిపోతుంది. ఆ జరుగుడు సరిచేసి, మొదట్లో చివర్లో నిశ్శబ్దం వదిలేసి పోల్చండి. అప్పటికీ తేడా ఉంటే అది మాస్టర్‌ది, ప్లాస్టిక్‌ది కాదు. రిప్పింగ్ నాకు రోజూ చేసే పని, ఊహించి చెప్పట్లేదు.

హైఫైరాజు: చెవులతో వినేవాళ్లకి లెక్కలు నేర్పకండి.

ఓబీభక్త: ఓబీని ఎండ తగిలే అరలో కూడా పెట్టకండి. ఎరుపు ముందు వెలిసిపోతుంది.

పాతక్యాసెట్: నల్లడిస్క్ గారూ, మీ రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. డిస్క్ అడుగువైపు ఫొటో అడగండి. లోపలి రింగులో కేటలాగ్ నంబర్, ఐఎఫ్‌పీఐ కోడ్ (డిస్క్ ఏ ఫ్యాక్టరీదో చెప్పే గుర్తు) వెతకండి. అడుగు ఆకుపచ్చగానో నీలంగానో ఉంటే ఇంట్లో బర్న్ చేసినదే. రింగు ఫొటో ఇవ్వనంటే వదిలేయండి.

స్వరపిచ్చి: మ్యూజ్‌దే ఇంకో ఆల్బమ్ ‘అబ్సల్యూషన్’ జపాన్ కాపీలో బోనస్ పాట ‘ఫ్యూరీ’ కూడా చివరే. దానికోసం జపాన్ దాకా వెళ్లక్కర్లేదు, 2004 సింగిల్‌కి బీ-సైడ్‌గా (అదనపు పాటగా) ఉంది.