నూకరత్నం అని ఇప్పుడు ఎవరైనా పేరు పెడుతున్నారా?

గవరపాలెం పిల్ల:

మాది అనకాపల్లి. పాప పుట్టి పద్దెనిమిది రోజులైంది. అనూరాధ మూడో పాదం. "ను" అక్షరం వచ్చేలా పెట్టమని పంతులుగారు అన్నారో లేదో, మంచం మీదున్న మా నాన్నమ్మ లేచి కూర్చుంది. "ఇంకేటి, అమ్మే అడిగింది. నూకరత్నం!" అది ఆవిడ పేరే, మా ఊరి అమ్మవారు నూకాంబిక మీద పెట్టింది.

మా ఇంట్లో ఈ పేరుకు కొదవ లేదు. నాన్నమ్మ నూకరత్నం, ఆవిడ చెల్లెలు నూకాలమ్మ, మా పెద్దత్త నూకాలు. ఐదో తరగతిలో మాకు పెద్ద నూకరత్నం, చిన్న నూకరత్నం అని ఇద్దరుండేవారు. చిన్న నూకరత్నమే పొడుగు. 1993లో పుట్టిన నాకు వచ్చేసరికి అది నూక సాయి లావణ్య అయింది. ఆ "నూక" టెన్త్ మెమోలో తప్ప ఎక్కడా బయటికి రాదు. నా తర్వాత పుట్టిన పిల్లల్లో ఒక్కరికీ లేదు.

మావారిది కరీంనగర్. ఆయన మొదటి ప్రశ్న, "నూకలంటే బియ్యం నూకలా?" అని. నేనేమీ అనలేకపోయాను, ఎందుకంటే హైదరాబాద్ హాస్టల్లో నన్నూ అలాగే ఏడిపించారు. జ్వరం వస్తే చాలు, "దీనికి నూకలు చెల్లవులే" అనేవారు.

మూడు రోజుల్లో బారసాల. ఈ పేరు ఎలా ఇంత తొందరగా మాయమైంది? ఇప్పుడు పెడితే పాప పెద్దయ్యాక నన్ను తిట్టుకుంటుందా?

రిటైర్డ్ గుమస్తా:

అమ్మా, నేను మీ పక్క మండలాల్లోనే పనిచేశాను. పాత జనన రిజిస్టర్ తిరగేస్తే నూకరాజు, నూకాలు, నూకరత్నం, నూకాలతల్లి, మధ్యలో అప్పలనర్సమ్మ, సింహాచలం, పైడితల్లి. పేరు చూసి ఏ దేవుడి మొక్కో, ఏ అమ్మవారి మొక్కో చెప్పేయొచ్చు. సింహాచలం అంటే ఆడో మగో మాత్రం పక్క గడి చూస్తేగాని తెలిసేది కాదు.

ఇవి ముచ్చటపడి పెట్టిన పేర్లు కావు, మొక్కు తీర్చిన పేర్లు. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, ఈసారి నిలబడితే నీ పేరే పెట్టుకుంటానని నూకాంబిక గుడిలో మొక్కేవారు. ఇంకా భయపడినవాళ్లు పెంటమ్మ అని పెట్టేవారు, దిష్టి కూడా ఆ పేరు చూసి పక్కకు పోతుందని. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2020 నాటికి అది 28కి దిగింది. ఆ భయం తగ్గింది, దానితోపాటు ఆ పేర్లూ తగ్గాయి. కొత్త అమావాస్య జాతరకు జనం మాత్రం తగ్గలేదు. అమ్మవారు కావాలి, ఆవిడ పేరు వద్దు! సినిమా తారల పేర్లు వీధిలోకి వచ్చాక ఇదంతా మరీ వేగంగా జరిగింది.

ఒక మాట. తొందరపడకండి. పేరు లేకుండానే జననం నమోదు చేయించుకోవచ్చు. ఏడాదిలోపు అయితే రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు.

డాలస్ రత్న:

నేను అసలు సిసలు నూకరత్నాన్ని, తుని దగ్గర పుట్టాను. పెట్టమని గాని వద్దని గాని చెప్పను. స్పెల్లింగ్ గురించి మాత్రం చెబుతాను. నా టెన్త్ మెమోలో ఎన్ తర్వాత రెండు ఓలు, పాస్‌పోర్ట్‌లో ఒక యూ. ఆ ఒక్క అక్షరం కోసం అఫిడవిట్లు, నోటరీలు, రెండు నెలల టెన్షన్. పైగా యూతో రాస్తే ఇక్కడివాళ్లు "న్యూక్" అని చదువుతారు. అంటే అణుబాంబు! ఆఫీసులో మొదటి వారం అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, రెండో వారానికి రత్న అయిపోయాను. పెడితే రెండు ఓలతోనే పెట్టండి, అన్నిచోట్లా ఒకేలా రాయించండి.

అయినా మా అమ్మ ఫోన్‌లో "నూకాలూ" అని పిలిచినప్పుడు తప్ప నన్ను పిలిచినట్టే ఉండదు.

మల్లన్న మనుమరాలు:

మీవారికి చెప్పండక్కా, మా దిక్కు కూడా ఇదే కథ. కొమురెల్లి మల్లన్నకు మొక్కితే కొమురయ్య, కొమురవ్వ. యాదగిరిగుట్టకు మొక్కితే యాదగిరి, యాదమ్మ. మేడారం మొక్కు ఉంటే సమ్మక్క, సారక్క. వాళ్ల ఇంట్లో రాజవ్వ ఎవరైనా ఉన్నరేమో అడగండి, వేములవాడ రాజన్న గుడి దగ్గరే కదా. మా అక్క బిడ్డ క్లాసులో ఇప్పుడు ముగ్గురు ఆద్యలు ఉన్నరు. టీచర్ ఒకటో ఆద్య, రెండో ఆద్య అంటుందట.

గవరపాలెం పిల్ల:

అందరికీ థాంక్స్. అడిగాను. మావారి సొంత నాయనమ్మే రాజవ్వ! ఆయన అరగంట మాట్లాడలేదు.

నిన్న బారసాల అయింది. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయడానికి ఆయన కూర్చున్నారు. మాలో మేము నూతన అని అనుకున్నాం. "నూ" రాసి, ఆగి, నా వైపు చూశారు. పక్కనుంచి నాన్నమ్మ మెల్లగా, "క... క రాయి బాబూ" అంది. రాశారు. పళ్లెం చిన్నది, "రత్నం" పట్టక సున్న అంచు మీదికి పోయింది. ఆవిడ వేలితో నాలుగు గింజలు జరిపి దానికి చోటు చేసింది.

సర్టిఫికెట్‌కి నూకరత్న అని రాసిచ్చాం. రెండు ఓలతోనే.