దేవసేనది పొగరా? మా ఇంట్లో పంచాయితీ తెగట్లేదు

హన్మకొండ కోడలు:
నిన్న ఆదివారం టీవీలో బాహుబలి రెండు భాగాలూ వరసగా వేశారు. పొద్దున మా అత్తమ్మ చాట ముందు పెట్టుకొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. దేవసేన గొలుసులతో పుల్లలు ఏరే సీను రాగానే చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. "అన్నీ ఎండుపుల్లలే సూడు. పచ్చిది ఒక్కటి ముట్టలేదు. మండాలె గద!" అంది. ఎన్నేళ్లు కట్టెల పొయ్యి ఊదిన మనిషో! నేను ఆ సినిమా ఇన్నిసార్లు చూశాను, పుల్లల వంక ఎప్పుడూ చూడలేదు.

ఇదే మనిషి మధ్యాహ్నం రెండో భాగంలో పార్టీ మార్చేసింది. శివగామి పంపిన కానుకలను దేవసేన తిప్పికొట్టిందో లేదో, "పెద్దామె సంబంధం పంపితే గట్ల మాట్లాడ్తదా? పొగరు" అంది. పిల్లను అడగకుండా నగలు పంపడం మర్యాదా అని నేను. మా ఆయన ఛార్జర్ వెతుక్కుంటానని లోపలికి పోయాడు, మళ్లీ రాలేదు.

ఇరవై ఐదేళ్లు గొలుసుల్లో ఉంటే అయ్యో అంటాం. అదే మనిషి సభలో నోరు తెరిస్తే ఎందుకు నచ్చదు? మీ ఇళ్లల్లో కూడా ఇంతేనా?

కాజీపేట జంక్షన్:
ఇళ్లల్లోనే కాదక్కా, హాల్లో కూడా అంతే. 2017లో రిలీజైన వారమే చూశాం. ఆడవాళ్ల మీద చేతులు వేసిన సేతుపతి వేళ్లు దేవసేన నరికినప్పుడు మా వరసలో ఒకటో రెండో చప్పట్లు. తర్వాత సభలో బాహుబలి వాడి తల తీసేసరికి హాలు దద్దరిల్లింది. నేను కూడా టికెట్ చించి ముక్కలు ఎగరేశాను. ఇప్పుడు చూస్తే మొదటి దెబ్బ ఆమెది, విజిల్ ఆయనకు.

జమ్మికుంట పెద్దమ్మ:
శివగామిని మరీ ఆడిపోసుకోకండి బిడ్డా. కొడుక్కి మాటిచ్చింది, ఇరుక్కుంది. మా ఇంట్లో ఒక సంబంధం ఇట్లనే మాటిచ్చి, ఆరు నెలలు ఎవరితో ఎవరూ మాట్లాడుకోలేదు. కాకపోతే సీమంతం నాడు నిండు చూలాలి ముందు భల్లాలదేవుడు మొగుడి పదవి తీసేస్తే ఊరుకునే ఆడది ఎవరు? రమ్యకృష్ణ కళ్లకు భయపడి మనం ఆమె పక్షాన ఉంటాం, అంతే.

కోట పక్కన ఇల్లు:
మన ఓరుగల్లులో ఈ లొల్లి 13వ శతాబ్దం నాటిదే. గణపతిదేవుడు కూతురికి రాజ్యమిస్తే కొందరు సామంతులకు గిట్టలేదు. శాసనాల్లో రుద్రమను మగరాజు పేరుతో రుద్రదేవ మహారాజు అన్నారు. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనంలో ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని ఉంది. తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలోనే పోయారని చరిత్రకారులు అంటారు. సినిమాలో భల్లాలదేవుడి చితిని దేవసేన తనే అంటించింది. రుద్రమకు ఆ అవకాశం రాలేదు, తర్వాత అంబదేవుడి మీదకు పోయింది మనవడు ప్రతాపరుద్రుడి సేనలు.

హన్మకొండ కోడలు:
పెద్దమ్మా, మీ సీమంతం మాట అత్తమ్మకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. "ముందుగాల ఆ పిల్లను ఒక్క మాట అడిగితే ఏం పోయేది" అంది మెల్లగా. నేను నవ్వానని కోపమొచ్చినట్టుంది, రేపటి నుంచి చిక్కుడుకాయ నన్నే ఒలవమంది.