డిస్క్ అరిగితే పక్క ఎముక గట్టిపడుతుందా?

గాజువాక అబ్బాయి:
మా అమ్మకి 64 ఏళ్లు. నడుం నొప్పి అంటే ఎంఆర్‌ఐ తీయించాం. ఎల్4–ఎల్5 డిస్క్ (నడుం కింది భాగంలో రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) అరిగింది, ఎముక కొసలు పెరిగాయి, మోడిక్ టైప్ 2 మార్పులున్నాయి అని రాశారు. డెక్సాలో (ఎముక సాంద్రత చూసే స్కాన్) టీ-స్కోరు (ఎంత మైనస్‌లోకి పోతే ఎముక అంత పల్చగా ఉన్నట్టు) నడుం దగ్గర మైనస్ 0.3, తుంటి దగ్గర మైనస్ 2.6. "డిస్క్ పోతే పోయింది, వెన్నెముక గట్టిగానే ఉంది కదా" అంటున్నాడు చిన్నాన్న. నిజమేనా?

పోర్టు కళాసీ:
మీ చిన్నాన్న మాట కరెక్టే. బరువు ఎక్కడ పడితే అక్కడ ఎముక గట్టిపడుతుందని జర్మన్ డాక్టరు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. డిస్క్ మెత్తదనం పోయాక బరువంతా ఎముకే మోస్తుంది మరి.

ఎంవీపీ ఫిజియో:
అన్నా, వోల్ఫ్ చెప్పిందాంట్లో సగమే చెప్పారు. బరువు పడని చోట ఎముక పల్చబడుతుంది కూడా. మంచి డిస్క్ నీళ్లు నింపిన దిండులాంటిది, బరువుని అంతటా సమానంగా పంచుతుంది. అది అరిగాక, నిలబడినప్పుడు బరువు చాలావరకు వెనక కీళ్ల మీదికి పోతుంది. వెన్నుపూస ముందు భాగానికి పని తగ్గి, అక్కడ ఎముక బోలుపడుతుంది. తర్వాత ఏ బిందె కోసమో వంగితే బరువంతా ఒక్కసారిగా ఆ బలహీనమైన చోటే పడుతుంది. పెద్దవాళ్లలో వెన్నుపూస ముందువైపు నలిగిపోవడానికి ఇదో కారణం.

ఇక ఆ మైనస్ 0.3ని నమ్మకండి. డెక్సా ముందు నుంచి వెనక్కి మొత్తం కలిపి లెక్కేస్తుంది. పెరిగిన కొసలు, గట్టిపడ్డ కీళ్లు, ఆఖరికి పెద్ద రక్తనాళంలో పేరుకున్న కాల్షియం కూడా ఎముక ఖాతాలోనే పడతాయి. మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు బోలుపడే జబ్బు, అంటారు. అమ్మగారి తుంటి ఆ గీత దాటేసింది.

పోర్టు కళాసీ:
సరే, ఒప్పుకున్నా. కానీ ముందు చెడింది డిస్కే కదా?

స్కానింగ్ రూమ్:
అదీ తేలని సంగతే. పెద్దవాళ్ల డిస్క్ లోపలికి రక్తనాళాలు పోవు. ఎముకలోంచి ఎండ్‌ప్లేట్ అనే పల్చటి పొర దాటి వచ్చే తిండే దానికి ఆధారం. ఆ పొర పగిలినా గట్టిపడినా డిస్క్ పస్తే. కాబట్టి కొందరిలో ఎముక వైపు నుంచే మొదలవ్వచ్చు. మోడిక్ టైప్ 2 అంటే ఆ పొర పక్కన మూలుగలో కొవ్వు చేరడం. డిస్క్, పొర, ఎముక మూడూ ఒకే కాపురం, ఎవరు ముందు అలిగారో చెప్పడం కష్టం.

అన్నట్టు, "అరిగింది" అన్న మాటకి టెన్షన్ వద్దు. 2015లో వచ్చిన ఒక సమీక్షలో, ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి, 80 ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. అమ్మగారి నొప్పికి అదే కారణమని రిపోర్టు ఒక్కటీ చూసి చెప్పలేం.

గాజువాక అబ్బాయి:
తుంటి నంబరు డాక్టరుకి చూపిస్తాం. అమ్మ మాత్రం ఒకటే అడుగుతోంది: ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, నడవొచ్చా అని.

ఎంవీపీ ఫిజియో:
డాక్టరు చూశాకే చెప్పాలమ్మా. నడక ఎముకకి మంచిదే, కానీ రోజూ బీచ్ రోడ్డు మీద కాస్త కాస్త పెంచుకుంటూ పోవాలి. ఈలోపు వంగి బిందెలు ఎత్తే పని చిన్నాన్నగారికి అప్పజెప్పండి.