కిడ్నీ గడ్డలో రక్తనాళం ఉబ్బిందన్నారు: మందులా, ఎంబొలైజేషనా?

నమస్కారం అండీ. మా చెల్లికి 26 ఏళ్లు. ట్యూబరస్ స్క్లెరోసిస్ (ఒంట్లో చాలాచోట్ల క్యాన్సర్ కాని గడ్డలు పెరిగే జన్యు వ్యాధి) ఉంది, టీఎస్‌సీ2 జన్యువులో లోపం. రెండు కిడ్నీల్లోనూ యాంజియోమయోలైపోమా గడ్డలున్నాయి. క్యాన్సర్ కాదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి పెద్దగా భయపడలేదు. మొన్న ఎమ్మారైలో మాత్రం ఎడమ వైపు గడ్డ 5 సెంటీమీటర్లు దాటిందని, లోపల రక్తనాళం ఒకచోట 6 మిల్లీమీటర్ల బుడగలా ఉబ్బిందని తేలింది.

ఈ గడ్డల్లో కొవ్వు, కండరంతో పాటు రక్తనాళాలు కూడా అడ్డదిడ్డంగా పెరుగుతాయట. వాటి గోడలకు సాగే గుణం సరిగా ఉండదు, అందుకే ఉబ్బి చిట్లే ప్రమాదం. గడ్డ 4 సెంటీమీటర్లు, ఉబ్బు 5 మిల్లీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలన్నారు. అప్పటి నుంచి చెల్లి గట్టిగా తుమ్మినా నాకు టెన్షనే.

ప్రస్తుతం నొప్పి లేదు, మూత్రంలో రక్తం లేదు. ఒక డాక్టర్ గడ్డను తగ్గించే ఎవెరోలిమస్ అనే మందు మొదలుపెడదామంటున్నారు. ఇంకొకరు గడ్డకు రక్తం అందించే నాళాన్ని ఎంబొలైజేషన్‌తో మూసేద్దామంటున్నారు. మందుతో గడ్డ తగ్గుతుంది సరే, ఆ ఉబ్బు కూడా తగ్గిందా మీలో ఎవరికైనా? ఎంబొలైజేషన్ చేయించుకున్నవాళ్లకు తర్వాత జ్వరం, నడుంనొప్పి ఎన్నాళ్లున్నాయి? ఆ కిడ్నీలో మిగతా భాగం బాగానే పనిచేస్తోందా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.