సెస్నా 172లో పవర్-ఆన్ స్టాల్: రెక్క వాలగానే యోక్ తిప్పేస్తున్నారు, ఎలా మాన్పించాలి?

ప్రశ్న:
172ఎస్‌లో పవర్-ఆఫ్ స్టాల్ (ఇంజిన్ పవర్ తగ్గించి, రెక్కలకు లిఫ్ట్ పోయేదాకా ముక్కు ఎత్తే అభ్యాసం; పవర్-ఆన్ అంటే ఇంజిన్ పవర్ ఉంచి అదే చేయడం) చక్కగా చేసే స్టూడెంట్లే, పవర్-ఆన్‌కి వచ్చేసరికి ఎడమ రెక్క వాలగానే యోక్ (స్టీరింగ్ లాంటి చేతి కంట్రోల్) కుడికి తిప్పేస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పినా చేయి ఆగడం లేదు. ఏ వరుసలో నేర్పాలి?

జవాబు 1:
చేతిని తిట్టి లాభం లేదండి, తప్పు కాళ్ల దగ్గర మొదలవుతోంది. ఫుల్ పవర్, తక్కువ వేగం, పైకెత్తిన ముక్కు: ఈ మూడూ కలిస్తే విమానం ఎడమకి తిరుగుతుంది. కాళ్లతో తొక్కే కుడి రడ్డర్ (తోక మీది చుక్కాని) చాలకపోతే బాల్ (విమానం పక్కకి జారుతోందో లేదో చూపే మీటర్లోని గుండు) కుడికి జారుతుంది, ఎడమ రెక్క ముందు స్టాల్ అవుతుంది. కాబట్టి స్టాల్‌కి ముందే బాల్ మధ్యలో ఉందో లేదో చూపించండి.

ఇక యోక్ సంగతి బోర్డు మీద గీసి చెప్పండి. కుడికి తిప్పితే ఎడమ ఐలెరాన్ (రెక్క కొసన వెనక అంచులో కదిలే పలక) కిందికి దిగుతుంది, ఆ రెక్క కొసన యాంగిల్ ఆఫ్ అటాక్ (రెక్కకి గాలి తగిలే కోణం) ఇంకా పెరుగుతుంది. డ్రాగ్ (గాలి నిరోధం) పెరిగి ముక్కు మరింత ఎడమకి పోతుంది, గిరగిరా తిరుగుతూ కిందికి పడే స్పిన్‌కి దారి అదే. 172 రెక్కలో వాషౌట్ (కొసకి పోయే కొద్దీ కోణం తగ్గే మెలిక) ఉంది, రెక్క మొదలు భాగం ముందు స్టాల్ అయి కొస ఆలస్యంగా అవుతుంది. అందుకే చాలాసార్లు ఐలెరాన్ పనిచేసేస్తుంది. ఈ మంచితనమే చెడ్డ అలవాటును దాచేస్తోంది.

జవాబు 2:
పై మాట నిజం. రికవరీ వరుస: యోక్ ముందుకి, స్టాల్ హెచ్చరిక హారన్ ఆగేదాకా. రడ్డర్‌తో తిరగడం ఆపాలి. ఆ తర్వాతే ఐలెరాన్‌తో రెక్కలు సమం. పవర్-ఆఫ్ అయితే యోక్ ముందుకి తోసిన వెంటనే ఫుల్ థ్రాటిల్. ఫ్లాప్ (రెక్క వెనక దించే పలక) 30 డిగ్రీలు ఉంటే ముందు 20కి. థ్రాటిల్ మొదట తోస్తే ముక్కు ఇంకా లేచి ఎడమకి తిరుగుతుంది. యోక్‌ని బలంగా నెట్టకూడదు, ముక్కు హొరైజన్‌కి కాస్త కిందుంటే చాలు. తొందరపడి వెనక్కి లాగితే రెండో స్టాల్ ఖాయం.

ప్రశ్నించినవారు:
ఫాలింగ్ లీఫ్ (విమానాన్ని స్టాల్ లోనే ఉంచి కాళ్లతో అదుపు చేసే అభ్యాసం) చేయించవచ్చా?

జవాబు 1:
చేయించండి, ఈ అలవాటుకి అంతకన్నా మంచి మందు లేదు. పవర్ ఐడిల్, యోక్ పూర్తిగా వెనక్కి మీరే పట్టుకోండి, ఐలెరాన్ న్యూట్రల్. స్టూడెంట్ కాళ్లతోనే ముక్కు పక్కకి తిరగకుండా నిలపాలి. స్పిన్‌లోకి పోయే అవకాశం ఉంది కాబట్టి యుటిలిటీ కేటగిరీ (విమానాన్ని తక్కువ బరువుతో నడిపే పరిమితి)లో ఉండాలి: 2200 పౌండ్ల లోపు, వెనక సీట్లు, బ్యాగేజీ ఖాళీ. ఎత్తు బాగా ఉంచుకోండి. తిరగడం మొదలైతే ఐలెరాన్ న్యూట్రల్‌లోనే, ఎదురు రడ్డర్ పూర్తిగా, వెంటనే యోక్ చురుగ్గా ముందుకి. తిరగడం ఆగాక రడ్డర్ న్యూట్రల్.